రోహిణి రాకముందే లేయర్ షెడ్డు సర్దుకోండి

రోహిణి కార్తె వచ్చేది మే నెలాఖరులోనే అయినా, అనపర్తి, తణుకు వైపు లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ల షెడ్లలో పని మార్చిలోనే మొదలవ్వాలి. ఎండ ముదిరాక నీటి తుంపర చల్లే ఫాగర్ల కోసం పరిగెడితే సరుకూ దొరకదు, బిగించే మనిషీ దొరకడు.

కోడికి చెమట పట్టదు. షెడ్డులో వేడి 30 డిగ్రీలు దాటుతుంటే నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి రొప్పడం మొదలుపెడుతుంది. ఆ రొప్పులో వేడితోపాటు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ కూడా మోతాదు మించి పోతుంది. చెడ్డ గాలేగా, పోతే పోనీ అనుకోకండి. రక్తంలో క్షారగుణం పెరిగి, పెంకుకు కావలసిన కార్బొనేట్ తగ్గిపోతుంది. వేలితో నొక్కితే సొట్టపడే గుడ్లు అలా వచ్చేవే. మేతలో కాల్షియం ఎంత పెంచినా ఇది పూర్తిగా తీరదు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. కోడి ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల చుట్టూ కండరాలుంటాయి. అక్కడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గితే అవి బిగుసుకుంటాయి, పెరిగితే సడలుతాయి. కుక్కల్లోనూ ఇలాంటిదే ఉంది: 1961లో అమెరికా శాస్త్రవేత్త సెవరింగ్‌హాస్ బృందం ఒక ఊపిరితిత్తికి వెళ్లే రక్తనాళాన్ని మూస్తే, ఆ వైపు కార్బన్ డయాక్సైడ్ పడిపోయి గాలి దారులు ఇరుకయ్యాయి. అందుకే గురక పెట్టే కోళ్లను ఎండలకు ముందే డాక్టరుకు చూపించండి. శ్లేష్మంతో సగం పూడిన దారి ఇంకా బిగిస్తే ఆ కోడి మధ్యాహ్నం దాటడం కష్టం.

అలాగని పరదాలు దించేసి ఆ వాయువును లోపలే ఆపాలని చూడకండి. వేడీ, రెట్టల నుంచి వచ్చే అమ్మోనియా కలిసి కోళ్లను చంపేస్తాయి. అసలు రొప్పాల్సిన అవసరమే తగ్గించాలి.

కప్పుకు సున్నం కొట్టించండి, లేదా వరిగడ్డి పరవండి. గడ్డి వేస్తే కరెంటు వైర్లు ఒకసారి చూసుకోండి. ట్యాంకుకు నీడ కట్టి, మధ్యాహ్నం కోళ్లు తాగే నిపుల్ పైపుల్లో కాగిన నీళ్లు బయటికి వదిలేయండి. మన డెల్టాలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాన్లు లేకుండా ఫాగర్లొక్కటే తిప్పితే ఉక్క పెరుగుతుంది. మేత తెల్లవారుజామున, సాయంత్రం వేయండి, 11 నుంచి 4 దాకా వద్దు. కాల్షియం కోసం వేసే గుల్ల సాయంత్రమే మంచిది, పెంకు ఎక్కువగా కట్టేది రాత్రే. పెంకు కోసమని తినే సోడా మాత్రం పక్క షెడ్డు వాళ్ల మాట విని కలపకండి. మేతలో ఉప్పెంత ఉందో చూసి ఆ మోతాదు డాక్టరే చెప్పాలి.