ముసురు పట్టకముందే: ఓడ నమూనాకు వాటర్‌లైన్ వేసేవారికి జాగ్రత్తలు

మల్కాజిగిరిలో ఉండే మిత్రుడొకరు గత వారం తన విక్రాంత్ విమానవాహక నౌక నమూనాను అట్టపెట్టెలో పెట్టి తెచ్చి చూపించారు. అసలు ఓడ పొడవు 262 మీటర్లు. 1/350 కొలతలో అది దాదాపు 75 సెంటీమీటర్లు. నీటిలో మునిగే కింది భాగానికి ఎరుపు, పైభాగానికి బూడిదరంగు వేస్తారు. ఆ రెంటినీ విడదీసేదే వాటర్‌లైన్. ఒక రంగు మరోదాని మీద పడకుండా టేప్‌తో కప్పి వేస్తారు. అందులో సగానికి పైగా టేప్‌తో పాటు ఎర్రరంగు కూడా పొలుసుల్లా ఊడి, తెల్ల ప్లాస్టిక్ బయటపడింది. రంగు మంచిదే, టేప్ ఖరీదైనదే, ఆయన చెయ్యి తిరిగిన మనిషే. జరిగిన పొరపాటు ఒక్కటే. ఎరుపు వేసిన మర్నాడు వేలితో తాకి, అంటడం లేదు కదా అని టేప్ వేసేశారు. బయట రెండు రోజులుగా ముసురు.

ఈ ఒక్క తప్పుతో పాడైన నమూనాలను చాలా చూశాను. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి దీన్నే ముందు చెబుతున్నాను. చేతికి ఆరడం వేరు, లోపల ఆరడం వేరు. రంగు పొర పైభాగం ముందుగా గట్టిపడుతుంది. అడుగున చిక్కుకున్న థిన్నర్ (రంగును పలుచన చేసే ద్రవం) దాని గుండా మెల్లగా బయటికి పోవాలి. టేప్ అంటించారంటే ఆ దారి మూసేసినట్టే. థిన్నర్ వెనక్కి మళ్లి పొరను మళ్లీ మెత్తబరుస్తుంది, టేప్ జిగురు అందులోకి దిగుతుంది. లాగినప్పుడు రంగు ప్లాస్టిక్‌ను వదిలేసి టేప్‌తో వచ్చేస్తుంది. రంగు మందంగా వేసి ఉంటే ఈ ప్రమాదం రెట్టింపు.

హైదరాబాద్‌లో మే మధ్యాహ్నాల్లో గాలి ఎముకలా పొడిగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు చేసినా చాలాసార్లు గట్టెక్కుతాం. మృగశిర కార్తె దాటాక లెక్క మారిపోతుంది. వేసవిలో రెండు రోజులు చాలిన ఎనామెల్ రంగుకు ముసురులో వారం ఇవ్వండి. నీళ్లతో కలిపే ఆక్రిలిక్‌లనైతే గాలిలో తేమ ఇంకా ఎక్కువగా సతాయిస్తుంది. లాకర్ రకం రంగు త్వరగానే ఆరుతుంది కానీ దానికి వేరే జబ్బు ఉంది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లబారుతుంది. తప్పనిసరైతే ఆరే వేగం తగ్గించే రిటార్డర్ కలపండి. ఒక్క పూట ఆగగలిగితే ఆగడమే మేలు.

మరి ఆరిందని తెలిసేదెలా? హల్‌ను, అంటే ఓడ మొండేన్ని, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో గంటసేపు ఉంచి, మూత తీయగానే వాసన చూడండి. థిన్నర్ వాసన లేశమైనా తగిలితే టేప్ జోలికి వెళ్లవద్దు. ఆక్రిలిక్‌కు వాసన తక్కువ కాబట్టి ఈ పరీక్షను నమ్మలేం. దానికి మరో ఉపాయం ఉంది. హల్‌కు రంగు వేసే పూటే ఒక ప్లాస్టిక్ చెంచాకు కూడా అదే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), అదే రంగు, అదే మందంలో వేసి పక్కన ఉంచండి. ముందుగా చెంచా వెనుకవైపు ఉబ్బు మీద టేప్ అంటించి, గంట ఆగి లాగండి. చెంచా మీద రంగు నిలిచిందంటే హల్ మీదా నిలుస్తుంది.

ఇక గీత సంగతి. వాటర్‌లైన్ అంటే నీటిమట్టం. ఓడను బల్ల మీద సమంగా నిలిపి, ఒక చెక్కదిమ్మకు పెన్సిల్ కట్టి, ఆ దిమ్మను బల్ల మీదే జరుపుతూ చుట్టూ గీయాలి. ముందుకొన దగ్గరా, వెనుక భాగం లోపలికి తిరిగే చోటా టేప్ తన దారిన పోవాలని చూస్తుంది. టేప్‌ను నమ్మవద్దు, పెన్సిల్ గీతను నమ్మండి. వంపుల దగ్గర రెండు మిల్లీమీటర్ల సన్న టేప్ వాడండి, వెడల్పు టేప్ ముడతలు పడుతుంది.

ఎరుపుకూ బూడిదరంగుకూ మధ్య ఉండే నల్ల పట్టీతో చాలామంది పొరబడతారు. ఆ పట్టీ ఎత్తు అంతటా ఒకటే. ఆ ఎత్తును నిట్టనిలువుగా కొలవాలి. ఓడ వెనుక హల్ దాదాపు పడుకున్నట్టు వాలే చోట అదే ఎత్తు ఉపరితలం మీద ఎక్కువ వెడల్పు తీసుకుంటుంది. అక్కడ కూడా ఒకే వెడల్పు టేప్ చుట్టేస్తే, కింద కూర్చుని చూసేవారికి పట్టీ సన్నబడి ముక్కు పైకెత్తినట్టు కనబడుతుంది. పై గీత, కింది గీత రెండూ దిమ్మతోనే గీసుకోండి. ముందు నలుపు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, పట్టీని టేప్‌తో కప్పి, ఆ తర్వాతే కింద ఎరుపు, పైన బూడిదరంగు వేయడం నాకు నచ్చిన పద్ధతి. ఇందులో ఒక రంగును కప్పి మరోటి వేసే ప్రతిసారీ పాత నియమమే వర్తిస్తుంది. లోపల ఆరనిదే టేప్ వద్దు.

అంచు దగ్గర రంగు టేప్ కింద పాకకుండా ముందుగా అడుగున ఉన్న రంగునో, రంగులేని వార్నిష్‌నో అంచు వెంట పలుచగా కొట్టండి. సందుల్లోకి పాకేది అదే కాబట్టి పాకినా కనబడదు. ఆ తర్వాతే కొత్త రంగు.

మిగతావి వరుసగా చెబుతాను, పాటించండి.

హార్డ్‌వేర్ దుకాణంలో గోడ పనికి అమ్మే ముడతల టేప్ అంచుకు పనికిరాదు.

కరెంటు పనికి వాడే టేప్ వంపులో సాగుతుంది, రాత్రికి తిరిగి ముడుచుకుని లేస్తుంది. వద్దు.

టేప్ చుట్ట అంచుకు దుమ్ము పట్టి ఉంటుంది. గాజుపలక మీద అంటించి, కొత్త బ్లేడుతో అంచు కోసి వాడండి.

జిగురు ఎక్కువనిపిస్తే గాజు మీద రెండుసార్లు అంటించి తీయండి. అరచేతికి అంటించవద్దు, చేతి జిడ్డు అంటుకుంటుంది.

టేప్ అంచు వైపుకు స్ప్రే చేయకండి. టేప్ మీదుగా బయటికి కొట్టండి. పలుచని పొరలు.

హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టవద్దు. ప్లాస్టిక్ వంగుతుంది, పై పొర ఇంకా త్వరగా గట్టిపడి లోపలిది చిక్కుకుంటుంది.

స్ప్రేకు గాలి అందించే కంప్రెసర్‌లో చేరిన నీటిని ప్రతి పూటా వదిలేయండి. వానాకాలంలో ఆ నీరే చుక్కలై రంగు మీద పడుతుంది.

వాన పడుతోందని కిటికీలు మూసి లాకర్ కొట్టకండి. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది. వంటగదిలో స్టవ్, పూజగదిలో దీపం వెలుగుతుంటే రంగు డబ్బా మూతే తీయవద్దు. ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్క్ పెట్టుకోండి, గుడ్డ మాస్క్ చాలదు.

రాత్రంతా టేప్ ఉంచకండి. చివరి పొర కాస్త బిగియగానే తీసేయండి.

తీసేటప్పుడు పైకి లాగవద్దు. టేప్‌ను దాని మీదకే వెనక్కి మడిచి, హల్‌కు ఆనుకున్నట్టుగా, నెమ్మదిగా.

లాగుతుంటే రంగు లేస్తోందా? అక్కడే ఆపండి. ఆ చోట బ్లేడుతో టేప్ తెంపి, అవతలి కొస నుంచి మొదలుపెట్టండి. ఊడిన చోట వెంటనే రంగు పూయవద్దు. వారం ఆగి, 1000 నంబర్ వాటర్ పేపర్‌తో తడిగా అంచులు సాఫు చేసి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మళ్లీ టేప్ వేసే ముందు వాసన చూడండి.