పత్తి సీజన్‌లో మనసు నిలవక అవస్థ పడ్డాను, ఇలా తేరుకున్నాను (నా అనుభవం)

ఆదోనిలో మాది చిన్న జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు. పోయిన సీజన్‌లో పొద్దున కూర్చుంటే సాయంత్రానికి ఒక్క పనీ తెగేది కాదు. రేట్ల గ్రూపులు, వాన కబుర్లు, డ్రైవర్ల ఫోన్లు. ఆ టెన్షన్‌లో ఒకరోజు తేమ చూడకుండానే లోడు దించుకున్నాను. తర్వాత మీటరు పెడితే 14 శాతం! పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ అయితే 8 దాటితే రేటు కోస్తుంది, 12 దాటితే కొననే కొనదు.

ఫోన్ సైలెంట్‌లో పెట్టడం, యాప్‌లు తీసేయడం, తెల్లవారుజామున ధ్యానం, ఏదీ వారం నిలవలేదు.

పనిచేసింది ఇది. ముందు వారం పాటు, నన్ను ఎవరేం అడిగినా నోట్‌బుక్‌లో రాశాను. చూస్తే సగానికి పైగా మా గుమాస్తా అన్న తేల్చగలిగినవే: హమాలీ కూలి, డీజిల్, లారీల వరుస. తర్వాత హద్దు పెట్టాను. తేమ 12 లోపు, ఖర్చు ఐదు వేల లోపు అయితే నన్ను అడగక్కర్లేదు. ఈ మాట ఆయనకొక్కరికే కాదు, హమాలీలు, డ్రైవర్లు అందరి ముందూ చెప్పాను. కీలకం అదేననుకుంటాను, లేకుంటే మళ్లీ నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ తర్వాతే బటన్ ఫోన్ కొన్నాను. ఆ నంబరు ఇంట్లోవాళ్లకూ అన్నకూ మాత్రమే. స్మార్ట్‌ఫోన్ బీరువాలో ఉంటుంది, 11కీ 4కీ తీసి రేట్లు చూస్తాను. మొదటి మూడు రోజులు చెయ్యి ఊరికే జేబులోకి పోయేది, తర్వాత తగ్గింది.

మా గుమాస్తా అన్న పదిహేనేళ్లుగా మా దగ్గర ఉన్న మనిషి. కొత్తవాళ్లున్న చోట, నిమిషానికో రేటు మారే వ్యాపారంలో ఇది నడుస్తుందని చెప్పలేను. మొదలుపెడితే మాత్రం దసరాకు ముందే, మార్కెట్ యార్డుకు పత్తి జోరుగా రాకముందే పెట్టండి.