తుప్పు తిన్న పాత స్కూటరు ఫ్లోరుకు ఇంట్లోనే అతుకు వేయడం: విశాఖ గాలికి తగిన పద్ధతి

విశాఖపట్నంలో పాత చేతక్ స్కూటరును మళ్ళీ రోడ్డెక్కించాలనుకునే వారు ఇంజను సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు పరీక్షించవలసింది కాళ్ళు పెట్టుకునే ఫ్లోరును. 1972లో బజాజ్ మొదలుపెట్టిన ఈ బండికి మోటారు సైకిలుకు ఉన్నట్టు విడిగా గొట్టాల ఫ్రేము ఉండదు. అచ్చులో నొక్కి తీసిన ఉక్కు రేకులను ఒకదానికొకటి వెల్డు చేసి చేసిన బాడీయే ఫ్రేముగా కూడా పనిచేస్తుంది. ముందు ఫోర్కును, వెనుక ఇంజనును కలిపి ఉంచేది ఈ ఫ్లోరే కాబట్టి, అది గుల్లబారితే బండి బలమే తగ్గినట్టు లెక్క. సెంటర్ స్టాండు కూడా దీనికే బిగించి ఉంటుంది గనుక, ఫ్లోరు బలహీనపడిన బండిని స్టాండు మీదికి లాగినప్పుడు రేకు కిర్రుమని వంగడం చాలా మంది గమనించే ఉంటారు.

సాధారణంగా ఈ చిల్లులను ఎలా పూడుస్తారో మనకు తెలిసిందే. తుప్పు పట్టిన చోటు మీద దానికంటే కాస్త పెద్ద రేకు పరిచి, చుట్టూ వెల్డింగు పెట్టి, పుట్టీ రాసి, రంగు వేస్తారు. పని త్వరగా అవుతుంది, చూడటానికీ బాగుంటుంది. ఎండ పొడిగా కాసే ఊళ్ళలో అది కొన్నేళ్ళు నిలవవచ్చు గానీ, సముద్రం పక్కన ఉన్న ఊరికి ఆ పద్ధతి తగదు. సముద్రపు గాలిలోని ఉప్పు తుప్పు గుంటల అడుగున చేరుతుంది. వంట ఉప్పులో ప్రధానమైన సోడియం క్లోరైడు, గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే నీరు లాగి కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో దానితోపాటు ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 35 శాతం లోపు తేమ కూడా సరిపోతుంది. అంత పొడిగా ఉండే రోజు మన ఊళ్ళో అరుదు. అంటే రెండు రేకుల మధ్య చిక్కిన ఉప్పు ఇక్కడ దాదాపు ఎప్పుడూ ఆరదు. వాన పడకపోయినా లోపల తడి ఉంటూనే ఉంటుంది. అందువల్ల ఈ పనిలో తీసుకునే ప్రతి నిర్ణయమూ ఒకే ప్రశ్న చుట్టూ తిరగాలి: ఈ అతుకులో ఎక్కడైనా ఉప్పునీరు దాక్కునే సందు మిగిలిందా?

మొదట ఎంత మేర కోయాలో తేల్చుకోవాలి. రబ్బరు మ్యాటు గానీ అల్యూమినియం బీడింగులు (ఫ్లోరు మీద రివెటు చేసిన పట్టీలు) గానీ ఉంటే తీసేసి, ఫ్లోరు పై భాగాన్నీ అడుగు భాగాన్నీ చిన్న సుత్తితో తడుతూ వెళ్ళాలి. గట్టి రేకు ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట పాత స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడాలి. బీడింగుల రివెట్ల రంధ్రాలు, స్టాండు బోల్టుల చుట్టుపక్కల, ఫ్లోరు కింద అడ్డంగా వెళ్ళే పట్టీలు ఫ్లోరుకు అతికిన చోట్లు ముఖ్యంగా చూడాలి. రంగు పొంగిన మేర కంటే తుప్పు విస్తరించిన మేర ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. హ్యాండిల్ కింది గొట్టం ఫ్లోరుతో కలిసే మెడ దగ్గర, ఇంజను బిగించే చోట, వెనుక షాక్ అబ్సార్బరు బిగించే చోట తుప్పు లోతుగా కనిపిస్తే, ఆ పనిని ఇంట్లో మొదలుపెట్టకుండా బాడీ జిగ్ (బాడీని సరైన కొలతలో కదలకుండా పట్టి ఉంచే చట్రం) ఉన్న అనుభవజ్ఞుడికి అప్పగించాలని నా ఖచ్చితమైన అభిప్రాయం. అక్కడ వెల్డు వదిలితే బండి నడుస్తుండగానే వదులుతుంది.

చట్టం విషయం ఒక్క మాటలో చెప్పుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో సరిపోలకుండా పోయేలా బండిని మార్చకూడదు. ఉన్న ఆకారంలోనే ఫ్లోరును బాగుచేయడం మరమ్మతే అవుతుంది; కానీ చేసిస్ నంబరు కొట్టి ఉన్న రేకు జోలికి గ్రైండరు వెళ్ళకూడదు. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను పునరుద్ధరణ సమయంలో ఆ నంబరు స్పష్టంగా కనిపించాలి కాబట్టి, పని మొదలుపెట్టే ముందే అది ఎక్కడుందో చూసి, దాని మీద టేపు అతికించి పెట్టుకోవడం మంచిది.

నిప్పుకు ముందు చేయవలసినవి

పెట్రోలు ట్యాంకును ఖాళీ చేయడం చాలదు. విప్పి, పనిచేసే చోటికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టాలి. ఖాళీ ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది గనుక నేల వెంట పాకుతుంది. ఆ కారణంగానే కార్బురేటరునూ పెట్రోలు పైపునూ కూడా తీసేయాలి. బ్యాటరీ ఉంటే విప్పాలి. చేతక్‌లో గేరు, క్లచ్, వెనుక బ్రేకు కేబుళ్ళూ వైర్లూ ఫ్లోరు మధ్యలోని బోలు గట్టు గుండానే వెళ్తాయి కాబట్టి, ఆ గట్టు దగ్గర వెల్డింగు ఉంటే వాటిని ముందే బయటికి లాగాలి. లాగేటప్పుడు ప్రతి కేబులు చివరా ఒక సన్నని బైండింగు వైరు కట్టి లోపల వదిలితే, తిరిగి ఎక్కించడం సులువవుతుంది.

ఫ్లాటులో ఉండేవారు ఈ పని పెట్టుకోకపోవడం మేలు. సొంత ఇంటి పోర్టికో గానీ పెరడు గానీ ఉండి, పక్కింటివారి కిటికీలకు వెలుగు తగలకుండా అడ్డంగా తడిపిన గోనెపట్టా కట్టగలిగితే చాలు. సున్నం వేసిన తెల్ల గోడ మీద పడి తిరిగొచ్చే ఆర్క్ వెలుగు కూడా కళ్ళను దెబ్బతీస్తుంది. ఆ నొప్పి అప్పుడు తెలియదు, అర్ధరాత్రి నిద్రలేపుతుంది. ముఖానికి 10 లేదా 11 నంబరు షేడ్ ఉన్న షీల్డు, చేతులకు తోలు గ్లౌజులు, ఒంటికి నూలు దుస్తులు తప్పనిసరి. పాలియెస్టరు చొక్కాతో వెల్డింగు చేయకూడదు. నాలుగంగుళాల గ్రైండరుకు గార్డు తీసేసి వాడే అలవాటు మన వర్క్‌షాపుల్లో మామూలైపోయింది గానీ, 1 మి.మీ. కటింగ్ డిస్కు పగిలినప్పుడు దాని ముక్కలు ఏ దిశలో వస్తాయో ఎవరూ చెప్పలేరు. డిస్కు మీద రాసిన గరిష్ఠ వేగం గ్రైండరు వేగం కంటే ఎక్కువ ఉండాలి. ఒక బకెట్టు నీళ్ళు, ఒక బకెట్టు ఇసుక దగ్గర పెట్టుకుని, పని ముగిసిన తరువాత కనీసం అరగంట సేపు ఆ చోటును కనిపెట్టి ఉండాలి.

రేకు, కోత, జోడింపు

ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీ ఉంది కదా, రేకు సులభంగా దొరుకుతుందని కొత్తవారు అనుకుంటారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్, యాంగిళ్ళు, చానళ్ళ వంటివి. పలుచని రేకు అక్కడ చేయరు. మనం కొనే రేకు బయటి నుంచి వచ్చేదే. గాజువాక ఆటోనగర్‌లో గానీ కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ పరిసరాల్లో గానీ సి.ఆర్. (కోల్డ్ రోల్డ్) రేకు అని అడిగితే చిన్న ముక్క కోసి ఇస్తారు. ఎంత మందం కావాలో అంచనాగా చెప్పకుండా, బండి మీద తుప్పు లేని చోట రంగు గీకి, వెర్నియర్‌తో కొలిచి, దానికి దగ్గరిది తీసుకోవాలి. 18 గేజి అంటే సుమారు 1.2 మి.మీ., 20 గేజి అంటే సుమారు 0.9 మి.మీ. అసలు రేకు కంటే బాగా మందమైనది వేస్తే బలం పెరగదు. పలుచని వైపు వెల్డింగులో కాలి చిల్లు పడుతుంది. తెల్లగా మెరిసే జింకు పూత రేకు చవకగా దొరికినా వాడవద్దు. జింకు సుమారు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరైపోతుంది, వెల్డింగు వేడి దానికి ఎంతో మించినది. ఆ తెల్లని పొగ పీలిస్తే కొన్ని గంటల తరువాత చలీ జ్వరమూ వస్తాయి.

కోసే ముందు ఫ్లోరు వంగిపోకుండా చూడాలి. ముందు షీల్డు నుంచి సీటు కింది భాగం దాకా ఒక ఇనుప యాంగిల్‌ను రెండు కొసలా క్లాంపులతోనో బోల్టులతోనో బిగించి, అది పూర్తయ్యాకే కోత మొదలుపెట్టాలి. రెండు పక్కలా చిల్లులున్నా ఒక్కో పక్కనే కోసి, అతికి, తరువాత రెండో పక్కకు వెళ్ళాలి. మెరిసే మంచి లోహం వచ్చేదాకా కోయాలి. ఇంకాస్త ఉంచితే పని తగ్గుతుంది కదా అన్న ఆశే చాలా అతుకులను పాడుచేస్తుంది. కోత మూలలు చదరంగా కాక గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే పగులు ఎప్పుడూ పదునైన మూల నుంచే బయలుదేరుతుంది.

ఇక్కడే మామూలు పద్ధతి నుంచి మనం విడిపోతాము. ముక్కను చిల్లు మీద పరచకూడదు, చిల్లులో కూర్చోబెట్టాలి. పెళ్ళిపత్రిక అట్ట వంటి మందమైన కాగితాన్ని కోత మీద పెట్టి అంచును వేలితో రుద్దితే చిల్లు ఆకారం పడుతుంది. దాన్ని కత్తిరించి రేకు మీద గీసుకోవాలి. రేకు కత్తెరతో గీత బయటినుంచి కోసి, ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ, చుట్టూ రేకు మందమంత సన్నని సందు మాత్రమే మిగిలేలా సరిచేయాలి. ఈ పనికి వెల్డింగు కంటే ఎక్కువ సమయం పడుతుంది, పట్టాలి కూడా. సందు రెండు మిల్లీమీటర్లు దాటితే కొత్తచేతికి దాన్ని పూడ్చడం సాధ్యం కాదు. కొత్త ముక్క కోసుకోవడమే త్వరగా తేలే దారి.

వెల్డింగుకు ముందు మరొక పని ఉంది, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. కోత చుట్టూ మిగిలిన రేకును వైర్ బ్రష్షుతో రుద్దితే పైకి మెరుస్తుంది గానీ, గుంటల్లోని ఉప్పు అలాగే ఉంటుంది. కనుక రుద్దిన తరువాత మంచినీళ్ళతో బాగా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది, మళ్ళీ కడగాలి. పెద వాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కడగడం పనిని మరింత పాడుచేస్తుంది. కొళాయి నీళ్ళు వాడి, చివరిసారి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరుతో తుడవాలి. కడిగిన రేకు ఆరాక గంటల్లోనే గుంటల దగ్గర మళ్ళీ చుక్కలు చుక్కలుగా తుప్పు పొడచూపితే, అక్కడ ఉప్పు ఇంకా మిగిలే ఉందని అర్థం.

వెల్డింగు

మిగ్ మెషీను (వైరును తానే అందిస్తూ వెల్డు చేసేది) ఉంటే 0.8 మి.మీ. వైరుతో, అంతకంటే 0.6 మి.మీ. దొరికితే దానితో, పలుచని రేకు హాయిగా అతుకుతుంది. ఇంట్లో చాలా మందికి ఉండేది చిన్న ఇన్వర్టరు ఆర్క్ మెషీనే. దానితోనూ పని అవుతుంది, ఓపిక కావాలి. 2 మి.మీ. 6013 రకం రాడ్డు తీసుకుని, హోల్డరును నెగటివ్‌కూ ఎర్త్‌ను పాజిటివ్‌కూ కలిపి, 40 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి, అదే మందం ఉన్న తుక్కు రేకుల మీద సెట్టింగు చూసుకోవాలి. మన తేమకు రాడ్లు త్వరగా చెమ్మగిల్లుతాయి గనుక మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచాలి. ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే, రంగు గీకిన చోట పట్టించాలి. దూరంగా ఇంజనుకో చక్రానికో పట్టిస్తే కరెంటు బేరింగుల గుండా వెళ్ళి వాటిని పాడుచేస్తుంది.

గీత గీసినట్టు ఒక్క దమ్మున వెల్డు లాగకూడదు. మొదట నాలుగు దిక్కులా ఒక్కో టాకా (చిన్న చుక్క వెల్డు), తరువాత వాటి మధ్యన ఎదురెదురుగా, 25 నుంచి 30 మి.మీ. దూరంలో టాకాలు వేసుకుంటూ పోయి, ఒక్కొక్కటీ చేతితో తాకగలిగేంత చల్లారాకే దాని పక్కది పెట్టాలి. నీళ్ళు చల్లి చల్లార్చవద్దు, రేకు వంకరపోతుంది. సందు వెనుక దళసరి రాగి పలక ఆనించి పట్టుకుంటే, రాగికి వెల్డు అంటుకోదు, వేడిని లాగేస్తుంది, చిల్లు పడటం తగ్గుతుంది. రేకు ఉబ్బితే సుత్తితో, వెనుక ఆనించే ఇనుప దిమ్మ (డాలీ)తో నెమ్మదిగా తట్టి సరిచేయవచ్చు. ఆర్క్ రాడ్డు వాడినవారు వెల్డు మీద గట్టిపడే పెంకును, అంటే స్లాగ్‌ను సూదిమొనతో పొడిచి పూర్తిగా తీయాలి, దాని మీద వేసిన రంగు నిలవదు. చివరికి చీకటిలో కింద నుంచి టార్చి వేసి చూస్తే, మిగిలిన సన్నని రంధ్రాలన్నీ వెలుగుతో బయటపడతాయి; వాటిని పుట్టీతో కాకుండా వెల్డుతోనే మూయాలి.

పూత

ఫ్లాప్ డిస్కుతో వెల్డును నున్నగా చేసిన తరువాత ఆ లోహాన్ని మరునాటికి వదలకూడదు. రేకు వేడి, గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలని, తేమ 85 శాతం లోపు ఉండాలని పెయింటు పనిలో నియమం. మన ఊళ్ళో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దున మంచు ఆరిపోయాక, సముద్రం మీది గాలి పుంజుకోక ముందు దొరికే సమయం ఇందుకు తగినది. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

రెడ్ ఆక్సైడ్ చవక, అలవాటైనది. కానీ ఉప్పుగాలికి రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరే నిలుస్తుంది. డబ్బా మీది నిష్పత్తిలోనే కలిపి, ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకుని, రెండు పూతలు వేయాలి. తుప్పును నల్లగా మార్చే ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణం వాడితే, కడిగి ఆరబెట్టకుండా ఎపాక్సీ వేయకూడదు. పుట్టీ నీటిని పీల్చే పదార్థం గనుక అది ప్రైమరు మీదే ఉండాలి, ఉత్త లోహం మీద కాదు. అతుకు గీతల మీద పి.యు. (పాలియురిథేన్) సీలెంటు రాసి, దాని మీద రంగు వేయాలి. అడుగున తారులాంటి మందపు పూత వేయించుకోవడం చాలా మందికి ఇష్టం గానీ, అది పగిలినచోట నీరు వెనక్కి చేరి కనిపించకుండా కూర్చుంటుంది. నేనైతే అడుగున కూడా మామూలు రంగే వేసి, కళ్ళకు కనిపించేలా ఉంచుతాను. బోలు గట్టులోకీ అడ్డపట్టీల లోపలికీ సన్నని గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల తుప్పును ఆపే మైనపు పూత) చల్లాలి. నీరు కారే రంధ్రాలు దానితో పూడుకుపోకుండా తీగతో పొడిచి చూడాలి.

బీడింగులను తిరిగి రివెటు చేసేటప్పుడు ప్రతి రంధ్రంలోనూ సీలెంటు నింపాలి. అల్యూమినియమూ ఉక్కూ ఉప్పుతడిలో నేరుగా తాకితే అల్యూమినియం త్వరగా చెడుతుంది. మ్యాటును జిగురుతో అతికించకుండా ఎప్పుడంటే అప్పుడు ఎత్తగలిగేలా పరచాలి. కేబుళ్ళు సవరించి, బ్రేకులు పరీక్షించి, బండిని పలుమార్లు స్టాండు మీదికి ఎత్తి దించాక ఖాళీ వీధిలో నెమ్మదిగా నడపాలి. మొదటి వారం తరువాత ఫ్లోరు కింద పడుకుని వెల్డు కొసల దగ్గర రంగులో వెంట్రుక వంటి గీత పడిందేమో చూడాలి. కనిపిస్తే ఆ బండిని అక్కడితో ఆపి, ఆ మేర గీకి, మళ్ళీ వెల్డు చేయించాలి.