గుండె లయ తప్పేవాళ్లకు కళ్ళు తిరుగుతుంటే ఏం చేయాలి?

మా అమ్మకు గుండె లయ తప్పుతోందని రెండేళ్ల క్రితం తేలింది. మందులు వాడాక దడ తగ్గింది కానీ కళ్ళు తిరగడం తగ్గలేదు. అడిగితే "ఏటీ లేదు, నీరసమే" అనేది. శ్రీకాకుళంలో ఎన్నిసార్లు ఈసీజీ తీయించినా బాగానే ఉందన్నారు. మామూలు ఈసీజీ పట్టేది 10 సెకన్ల గుండె లయే. అమ్మకు కళ్ళు తిరిగేదేమో తెల్లారి, వాకిట్లో.

ముందు ఏ రకం తిరుగుడో తేల్చుకోండి. ఇల్లంతా గిర్రున తిరిగితే చాలాసార్లు చెవి లోపలి సమస్య. బైర్లు కమ్మి పడిపోతాననిపిస్తే బీపీనో, గుండె లయనో అనుమానించాలి. నడకలో తూలడం వేరే సంగతి.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టండి. అమ్మ రాసిన ఒక ముక్క: "6 గంటలు. కల్లాపి జల్లి లేచాను. బైర్లు కమ్మాయి. రెండు నిమిషాలు. దడ లేదు." అంతే చాలు. వీలైతే అప్పుడే మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు వేళ్లు పెట్టి నాడి చూడండి. లయ తప్పేవాళ్లకు నిమిషమంతా లెక్కపెట్టాలి, పావు నిమిషం లెక్క కుదరదు. బీపీ మిషన్ కూడా వీళ్లకు ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది, రెండు మూడుసార్లు చూసుకోండి.

ఇంకో పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు, పక్కన మనిషి ఉండాలి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే డాక్టరుకు చెప్పాలి. అమ్మకు పై అంకె 138 నుంచి 112కి దిగింది. డాక్టరు ఒక మాత్ర వేళ మార్చారు, సగం తగ్గింది. మిగతా సగానికి కారణం ఇంకా దొరకలేదు.

హోల్టర్ (ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ తీసే చిన్న మిషన్) పెడితే మేం చేసిన తప్పు చేయకండి. ఆ 24 గంటలూ అమ్మ చుట్టపుచూపుగా వచ్చినట్టు మంచం దిగలేదు, రిపోర్టులో ఏమీ రాలేదు! రోజూ చేసే పనులే చేయాలి, కళ్ళు తిరిగిన టైము రాసుకోవాలి.

మంచం దిగేముందు కాసేపు అంచున కూర్చుని పాదాలు ఆడించండి. వంగి లేచేటప్పుడు గోడ పట్టుకోండి. నిచ్చెనలెక్కొద్దు, బండి నడపడం డాక్టరునడిగాకే. రథసప్తమినాడు అరసవల్లి లైన్లో బైర్లు కమ్మితే మొహమాటపడకుండా అక్కడే కూలబడండి. ఎండల్లో చోడి (రాగి) అంబలి, మజ్జిగ మంచివే. ఉప్పు పెంచడం మాత్రం అడిగాకే, కిడ్నీ జబ్బులెక్కువున్న ఉద్దానం వైపువాళ్లయితే మరీను. బీపీ, ప్రోస్టేట్, నిద్రమాత్రలు అన్నీ ఒకే సంచీలో వేసి డాక్టరుకు చూపించండి. ఏదీ సొంతంగా ఆపొద్దు.

స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి చచ్చుబడినా 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు పడి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు మాత్రల సంచీ, నోట్‌బుక్ మరిచిపోకండి.