కరెంటు బిల్లు మీద పన్ను తీసేస్తే మనకెంత మిగులుతుంది? ఇలా లెక్కేసుకోండి

నేను వరంగల్ కాశిబుగ్గలో మహిళా సంఘాల ఆర్పీని (రిసోర్స్ పర్సన్). లోన్ కిస్తీల లెక్కలతో పాటు కరెంటు బిల్లులు, గ్యాస్ రసీదులు కూడా మా వాళ్లు నా ముందు పెడతారు. ఎండలు ముదిరి కూలర్లు బయటికొచ్చాయంటే ఒకటే ప్రశ్న: "సర్కారు ట్యాక్స్ తీసేస్తే మనకు బిల్లు తగ్గుతది కదా అక్కా?" ఎంత తగ్గుతుందో మీ బిల్లులోనే ఉంది. ఒకసారి పక్కన పెట్టుకుని కూర్చోండి.

ముందు కింది భాగం చూడండి. ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం అని విడివిడిగా ఉంటాయి. వీటిలో పన్ను అనదగ్గది సుంకం ఒక్కటే. కరెంటు మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నామని చాలామంది అనుకుంటారు, అసలు కరెంటు మీద జీఎస్టీయే లేదు. సుంకం యూనిట్‌కు 6 పైసలు. మీ యూనిట్లను ఆరుతో గుణించి వందతో భాగించండి. 200 యూనిట్లకు 12 రూపాయలు, 300కు 18. రేపు సుంకం మొత్తం ఎత్తేసినా మనకు మిగిలేది అంతే. పైగా ఎక్కువ కాల్చే వాళ్లకే ఎక్కువ మిగులుతుంది. 800 యూనిట్ల ఇంటికి 48 రూపాయలు తగ్గితే, 80 యూనిట్ల ఇంటికి ఐదు రూపాయలు కూడా తగ్గదు. గృహజ్యోతి పథకంలో (నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం) జీరో బిల్లు వచ్చే ఇంటికి తగ్గడానికి ఏమీ ఉండదు.

మరి డబ్బు ఎక్కడ పోతోంది? స్లాబులో, అంటే వాడిన యూనిట్లను బట్టి రేటు మారే మెట్లలో. దీన్ని మాత్రం నిదానంగా చదవండి.

నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు కాల్చితే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. 200 యూనిట్లకు మొత్తం 820 రూపాయలు. అదే 201 అయిందనుకోండి, ఆ ఒక్క యూనిట్‌కే రేటు పెరిగి ఊరుకోదు. మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, 201వ దానికి 7.70. అంటే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌తో 207 రూపాయలు పైకి పోయింది. పదిహేడు నెలల సుంకం మాఫీ చేసినా రానంత డబ్బు ఒక్క నెలలో ఇలా పోతుంది. గృహజ్యోతి ఉన్న ఇంటికైతే ఇంకా కష్టం. 200 దాటితే జీరో బిల్లు పోయి మొత్తం బిల్లు కట్టాలి. రెండు కిలోవాట్ల లోడున్న ఇంటికి ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు, సుంకం కలిపితే అది దాదాపు 1,160 అవుతుంది. కూలి డబ్బులతో ఇల్లు నడిపే ఆమెకు ఆ నెల కిస్తీ ఆగిపోతుంది. నా కళ్ల ముందు జరుగుతున్న సంగతి ఇది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

కాబట్టి నెల మధ్యలోనే మీటర్ చూసుకోండి. డిజిటల్ మీటర్లో అంకెలు వాటంతట అవే మారుతుంటాయి. తేదీ, టైమ్, వోల్టేజ్ అన్నీ వస్తాయి, పక్కన కేడబ్ల్యూహెచ్ అని ఉన్న అంకె ఒక్కటే మనకు కావాలి. అందులోంచి పోయిన బిల్లులోని రీడింగ్ తీసేయండి. నెలకు 200 అంటే రోజుకు ఆరున్నర యూనిట్ల పైచిలుకు. ఇరవయ్యో రోజుకు 130 దాటితే జాగ్రత్త పడాలి. మా వాళ్లలో కొందరు మీటర్ పక్కన గోడ మీదే పెన్సిల్‌తో రాసుకుంటారు, పిల్లలు కూడా చూసి చెప్తుంటారు. పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు లాగుతుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల లోపే, 13 యూనిట్లతో సరిపోతుంది. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, ఎక్కువసేపు తిరిగే ఫ్యాన్ ఒక్కటి మార్చినా ఇరవై యూనిట్లు తగ్గుతాయి.

బిల్లు మీద రెండు రీడింగ్ తేదీలు కూడా చూడండి. 30 రోజులకు 195 యూనిట్లు కాల్చే ఇంట్లో నాలుగు రోజులు ఆలస్యంగా రీడింగ్ తీస్తే 221 చూపిస్తుంది. తప్పు మీది కాదు కదా. రెండు బిల్లులూ పట్టుకుని సెక్షన్ ఆఫీసుకెళ్లి రోజుల లెక్కన సరిచేయమని అడగండి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, వకీలు అవసరం లేదు. ఏసీడీ అని ఎప్పుడైనా వస్తే అది పన్ను కాదు, డిపాజిట్. మీ పేరు మీదే ఉంటుంది, దానికి వడ్డీ రావాలి.

ఇక గ్యాస్. ఇంటి సిలిండర్ మీద జీఎస్టీ 5 శాతం. సిలిండర్ 900 అనుకుంటే అందులో పన్ను 43 రూపాయల దాకా ఉంటుంది. ఇది తీసేస్తే కొందరికి నిజంగానే మేలు. అయితే మహాలక్ష్మి పథకంలో 500కే సిలిండర్ వచ్చే ఇంటికి పన్ను ఉన్నా తీసేసినా పడేది 500 రూపాయలే, మిగిలేది సర్కారుకు. ఇంకో మాట. సిలిండర్ తెచ్చే అబ్బాయి ముప్పయ్యో నలభయ్యో పైన అడిగితే చాలామంది మాట్లాడకుండా ఇచ్చేస్తారు. ఇంటికి తెచ్చే చార్జీ రసీదులోని ధరలోనే కలిసి ఉంటుంది. ఆ అబ్బాయి మీద కోపం వద్దు, రసీదు చూపించి అందులో ఉన్నంతే ఇవ్వండి. పన్ను తీసేస్తే వచ్చేదానికి దాదాపు సమానమైన డబ్బు అక్కడే మిగులుతుంది.

బిల్లులో కనపడని పన్ను ఒకటుంది, బొగ్గు మీద. మన పక్కనే భూపాలపల్లి జిల్లా చెల్పూరు ప్లాంటులో సింగరేణి బొగ్గు కాలుస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల సెస్సు తీసేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు. లెక్కేస్తే, టన్ను ధర సుమారు 3,077 కంటే తక్కువున్న బొగ్గుకు పన్ను తగ్గింది, అంతకంటే ఖరీదైనదానికి పెరిగింది. కరెంటు జీఎస్టీలో లేదు కాబట్టి ప్లాంటు కట్టిన ఆ పన్ను వెనక్కి రాదు, యూనిట్ ఖర్చులో చేరుతుంది. పన్ను తగ్గించమని అడిగేవాళ్లు ఆరు పైసల కంటే ముందు దీని గురించి అడగాలని నా అభిప్రాయం.

ఎవరిని అడగాలో కూడా తెలిసుండాలి. సుంకం రాష్ట్ర ప్రభుత్వానిది, జీఎస్టీ కౌన్సిల్‌ది, స్లాబులూ రేట్లూ విద్యుత్ నియంత్రణ మండలివి. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) కొత్త రేట్లు ప్రతిపాదించినప్పుడు పేపర్లో ప్రకటన వేసి అభ్యంతరాలు అడుగుతారు. మేం రాసే కాగితంలో అడిగేది ఒక్కటే: 200 దాటితే దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు వేయండి, మొదటి 200 ధర ముట్టుకోకండి. మీరూ రాయండి. పేరు, సర్వీస్ నంబర్, 200 దాటిన నెల బిల్లు, దాటని నెల బిల్లు జిరాక్సులు జతచేసి, ప్రకటనలో ఇచ్చిన గడువులోగా పంపండి.