‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ రికార్డింగులను పోల్చడం ఎలా? ముందు వాల్యూమ్ సరిచేయండి

‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ అంటే రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ ఒక బ్యాలే కోసం రాసిన ఆర్కెస్ట్రా సంగీతం. చాలామంది దాని రెండు రికార్డింగులను ఇలా పోలుస్తారు: మొదటిది పూర్తిగా వింటారు, లేచి భోజనం చేస్తారు, రెండోది పూర్తిగా వింటారు, ఆ తరవాత “రెండోదాంట్లో ప్రాణం ఉంది” అని తేల్చేస్తారు. గంట కిందట విన్న డోలు దెబ్బ ఎంత బరువుగా ఉందో ఏ చెవికీ గుర్తుండదు. గుర్తుండేది అట్టమీది బొమ్మ, ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్ పేరు, ఆ రోజు కూర రుచి.

1. ఏ రచనో, ఏ పాఠమో (అంటే ఏ వెర్షనో) చూసుకోండి. స్ట్రావిన్‌స్కీకి తన రచనలను తిరగరాసే అలవాటు ఉంది. ‘ఫైర్‌బర్డ్’ పూర్తి బ్యాలే 1910 నాటిది, దాదాపు 45 నిమిషాలు. దాంట్లోంచే 1911, 1919, 1945లలో మూడు సూట్లు, అంటే కచేరీలో వాయించే చిన్న సంకలనాలు, తీశాడు. 1919 సూటును పూర్తి బ్యాలే పక్కన పెట్టి “ఈయన చాలా కత్తిరించాడు” అని కండక్టర్‌ను తిట్టేవాళ్ళను నేనే చూశాను. ఆయన మరో బ్యాలే ‘పెత్రుష్క’కు 1911 పాఠం, 1947 పాఠం ఉన్నాయి. రెండోదాంట్లో వాద్యాలే తగ్గాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’తోనే మొదలుపెట్టాలి. దాంట్లోనూ సవరణలు ఉన్నాయి కానీ, కథ నడక మారదు. 1913 మే 29న పారిస్‌లో దియాగిలెవ్ బ్యాలే బృందం మొదటిసారి ఆడినప్పుడు ప్రేక్షకులు గోల చేసినది దీనికే.

2. మూడు రికార్డింగులు చాలు. నాలుగు వద్దు. నాలుగోది మొదలయ్యేసరికి మొదటిది మరిచిపోతారు. నేను ఎవరికైనా ఇచ్చే మూడు ఇవి: స్ట్రావిన్‌స్కీ స్వయంగా కొలంబియా సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన 1960 నాటిది, పియర్ బూలెజ్ క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో చేసిన 1969 నాటిది, పాతకాలపు ఫ్రెంచ్ వాద్యాలతో, 1913 నాటి పాఠాన్ని పునర్నిర్మించి కండక్టర్ రోత్, ఆయన లే సియెక్ల్ బృందం వాయించినది.

రచయితే కండక్టర్ అయితే ఇక పోలిక ఎందుకని కొందరు అడుగుతారు. ఆయన 1929లో ఒకసారి, 1940లో ఒకసారి, 1960లో ఒకసారి రికార్డు చేశాడు. మూడింటి నడకా ఒకటి కాదు. వాటిలో ఏది ప్రమాణం? ఆ 1929లోనే, తొలి ప్రదర్శన నడిపిన కండక్టర్ పియర్ మాంతో కూడా పారిస్‌లో రికార్డు చేశాడు. ఆ 1929, 1940 నాటివన్నీ వినండి, ఆనందించండి. పోలికకు మాత్రం వాడకండి. నాలుగైదు నిమిషాలకోసారి పక్క తిప్పాల్సిన ప్లేట్ల మీద పట్టిన శబ్దాన్ని స్టీరియో పక్కన పెట్టడం అన్యాయం.

3. చోట్లు గుర్తుపెట్టుకోండి. మూడు చోట్లు: మొదట్లో బసూన్ అనే ఊదే వాద్యం ఒంటరిగా పాడేది, దాని తరవాత తీగవాద్యాలు దంచడం మొదలుపెట్టే చోటు, రెండో భాగంలో వరసగా పడే పదకొండు దెబ్బలు. ఒక ఆల్బంలో మొత్తం రెండే ట్రాకులుంటాయి, ఇంకోదాంట్లో పదికి పైన ఉంటాయి. కాబట్టి ప్రతిదాంట్లో ఎన్నో నిమిషం ఎన్నో సెకనో కాగితం మీద పెన్సిలుతో రాసుకోండి. పెన్ను వద్దు.

4. వాల్యూమ్ సమానం చేయండి. పని చెడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

రెండింటిలో కొంచెం గట్టిగా వినిపించేదే మనకు బాగున్నట్టు ఉంటుంది. “గట్టిగా ఉంది” అని అనిపించదు. “స్పష్టంగా ఉంది”, “ఉత్సాహం ఉంది”, “వాద్యాలు విడివిడిగా వినిపిస్తున్నాయి” అని అనిపిస్తుంది. మోసం అంతా అక్కడే ఉంది. ఒకసారి మిత్రుడి ఇంట్లో ముగ్గురం కూర్చుని మూడు రికార్డింగులకు మార్కులు వేశాం. ముగ్గురం ఒకదాన్నే మొదట పెట్టాం. నాకు అనుమానం వచ్చి ఫోనుతో కొలిస్తే, అది మిగతా రెండింటికన్నా నాలుగు డెసిబెల్స్ ఎక్కువ మోగుతోంది. సమానం చేసి మళ్ళీ వింటే అది మూడో స్థానానికి జారింది. గొప్పగా మాట్లాడిన ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఎలా చేయాలంటే, ముందు మీ పాటల యాప్‌లో ధ్వనిని తానే సమానం చేసే సెట్టింగు ఉంటే ఆపేయండి. అది ట్రాకు ట్రాకుకూ విడిగా పనిచేస్తే, మెల్లగా సాగే ఆరంభాన్ని పెంచి, దంచుడును తగ్గించి, రచన నడుం విరగ్గొడుతుంది. తరవాత ఫోనులో డెసిబెల్స్ చూపే యాప్ తెరిచి, కుర్చీలో మీ తల ఉండే ఎత్తున ఫోను పెట్టండి. అది చూపే అంకె నిజమా కాదా అన్నది అనవసరం, మనకు కావలసింది తేడా. హెడ్‌ఫోన్లతో ఇది కుదరదు, కాబట్టి స్పీకర్లే.

ఏ చోట కొలవాలి? బసూన్ దగ్గర కాదు, అది మరీ మెల్లన. పెద్ద డోలు మోగే చోటా కాదు, అది గదిని బట్టి మారిపోతుంది. తీగవాద్యాలు దంచడం మొదలుపెట్టాక మొదటి పది సెకన్లే సరైన చోటు. అక్కడ డోళ్ళు లేవు, ఒకే స్వరగుచ్ఛం తిరిగి తిరిగి వస్తుంది. ఆ పది సెకన్ల సగటు మూడు రికార్డింగులలోనూ అర డెసిబెల్ లోపు కలిసేదాకా వాల్యూమ్ జరపండి. ఏ రికార్డింగుకు వాల్యూమ్ ఎక్కడ పెట్టారో రాసుకోండి.

ఆ తరవాత చేయి వేయకండి. బసూన్ సరిగా వినపడలేదని పెంచారా, పని మొత్తం పోయినట్టే. మెల్లన ఎంత మెల్లన, గట్టి ఎంత గట్టి అన్నది కండక్టర్ తీర్పు. చోటు చోటుకూ వాల్యూమ్ సర్దితే ఆ తీర్పును మీరే చెరిపేసినట్టు. మూడింటికీ ఒకే చోట కొలత, ఒక్కసారే.

5. వినండి. దంచుడు మొదటి ఎనిమిది బార్లు (స్వరప్రతిలో సమాన ఖండాలు) మనకు కొట్టిన పిండి. బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం 32. అంటే చతురశ్ర నడకలో (అక్షరానికి నాలుగు మాత్రలు) ఆది తాళం ఒక ఆవర్తనం. చేత్తో తాళం వేయండి. ఎనిమిది హార్న్‌లు, అంటే ఇత్తడి బూరలు, ఊనికతో వచ్చేది 10, 12, 18, 21, 25, 30 మాత్రల మీద. మొదటి రెండూ ఉంగరపు వేలు మీదే పడతాయి, కానీ వేలు ఆనిన క్షణాన ఒక్కటీ పడదు. 21 సరిగ్గా విసురు మీద, 25 సరిగ్గా దెబ్బ మీద. స్ట్రావిన్‌స్కీ రాసిన వేగంలో అక్షరానికి 1.2 సెకన్లు, ఆవర్తనానికి పది సెకన్ల లోపే. ఊనిక లేని దెబ్బలనూ గమనించండి. ప్రతి దెబ్బకూ కమానును కిందికే లాగాలని స్కోరులో (స్వరప్రతిలో) ఉంది, అంటే అన్నిటికీ ఒకే బరువు కావాలి. మధ్యలోవి తేలిపోతుంటే ఆ ఆర్కెస్ట్రా హార్న్‌ల కోసం ఎదురుచూస్తోందన్నమాట.

బసూన్ దగ్గర ఒకటే ప్రశ్న: అంత పై స్వరంలో వాద్యానికి కష్టంగా ఉందా, లేదా? కష్టంగా ఉండాలి. ఈనాటి వాదకులు నిద్రలో కూడా వాయించేస్తారు, అదే చిక్కు. లే సియెక్ల్ వాళ్ళ ఫ్రెంచ్ బసూన్ గొంతు సన్నగా, కొంచెం పచ్చిగా ఉంటుంది. పదకొండు దెబ్బలను వేళ్ళతో లెక్కపెట్టండి. పదకొండోది మొదటిదంత బిగువుగా ఉంటే చాలు.

6. పేర్లు దాచండి. ఇంట్లో ఎవరినైనా వాళ్ళకు తోచిన వరసలో పెట్టమనండి. మా అబ్బాయి పెడతాడు, అడిగినా పేరు చెప్పడు. మీ మాట కాగితం మీద పడ్డాకే అట్ట చూడండి. మర్నాడు వరస మార్చి మళ్ళీ వినండి. నిన్న రాసింది ఈరోజు తప్పనిపిస్తే రబ్బరుతో చెరపండి. పెన్ను వద్దన్నది అందుకే.