నటనను చూసే సాధన – ఐదవ పాఠం: మాట్లాడనివాణ్ణి చూడటం

ఇంతవరకు సాగిన పాఠాలలో కథానాయక పాత్రల మీద దృష్టి నిలిపి, నటుడు మాటను ఎక్కడ విరుస్తాడో, చూపును ఎక్కడ నిలుపుతాడో గుర్తించడం అలవాటు చేసుకున్నాము. ఈ పాఠంలో కంటిని పక్కకు జరపడం నేర్చుకోవాలి. తెర మీద ఇద్దరు మనుషులు ఉన్నప్పుడు మన చూపు తనంతట తానే మాట్లాడుతున్నవాడి మీదికి పోతుంది. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, ఎడిటర్ ముగ్గురూ ఆ అలవాటును నమ్ముకునే సన్నివేశాన్ని కడతారు. ఆ అలవాటును కావాలని ఆపి, వింటున్నవాడు ఆ సమయంలో ఏం చేస్తున్నాడో చూడగలగడం ఒక విద్య. అది ఒక్కసారిగా పట్టుబడదు కానీ, పట్టుబడిన తర్వాత బాగా తెలిసిన సినిమాలలో కూడా అంతకుముందు చూడని మనుషులు కనిపించడం మొదలవుతుంది.

ఈ సాధనకు బెన్ జాన్సన్ అనే అమెరికన్ నటుణ్ణి పాఠ్యంగా తీసుకుంటున్నాను. 1940లలోనూ 1950లలోనూ హాలీవుడ్ తీసిన వెస్టర్న్ చిత్రాలలో సహాయ నటులు ఏళ్ల తరబడి ఒకే దర్శకుడి దగ్గర, ఒకే తరహా పాత్రలలో, తరచుగా ఒకే లోయలో పనిచేశారు. చుట్టూ ఉన్న పరిస్థితులు పెద్దగా మారవు కనుక, నటుడిలో వచ్చిన మార్పు మనకు స్పష్టంగా దొరుకుతుంది. తెలుగు ప్రేక్షకులకు కౌబాయ్ అనగానే 1971 నాటి మోసగాళ్లకు మోసగాడు గుర్తుకు రావచ్చు. అయితే ఆ చిత్రానికి మూలాలు ఇటలీలో తయారైన వెస్టర్న్‌లలో ఉన్నాయి. మనం చూడబోయేది అంతకంటే ముందున్న అమెరికన్ సంప్రదాయం. అందులో తుపాకీ పేల్చే వేగం కన్నా జీను మీద కూర్చునే తీరుకు విలువ ఎక్కువ.

జాన్సన్ 1918లో ఓక్లహోమా రాష్ట్రంలోని ఫోరేకర్ అనే చిన్న ఊరిలో, పశువుల ర్యాంచి నడిపే కుటుంబంలో పుట్టాడు. తండ్రి రోడియో పోటీలలో, అంటే కౌబాయ్‌ల స్వారీ, తాడు విసిరే పోటీలలో, పేరున్న విజేత. 1940 ప్రాంతంలో హోవర్డ్ హ్యూస్ తన సినిమా కోసం కొన్న గుర్రాలను వెంటబెట్టుకుని హాలీవుడ్‌కు చేరినప్పుడు అతను నటుడు కాడు, గుర్రాలను చూసుకునే మనిషి మాత్రమే. ర్యాంచిలో రోజుకు ఒక డాలరు సంపాదించే తనకు అక్కడ అందిన మొదటి చెక్కు 300 డాలర్లకు ఉందని, అందుకే వెనక్కి వెళ్లలేదని అతను తర్వాతి కాలంలో చెప్పేవాడు. ఆ తర్వాత కొన్నేళ్లు జాన్ వేన్, గ్యారీ కూపర్, జేమ్స్ స్టువర్ట్ వంటి పెద్ద నటులకు డూపుగా పనిచేశాడు. అంటే ముఖం కనిపించకుండా, శరీరంతో మాత్రమే తెర మీద ఉండటం అతని మొదటి శిక్షణ. ఈ విషయాన్ని నోటుపుస్తకంలో మొదటి వాక్యంగా రాసుకోండి, ఎందుకంటే ఈ పాఠంలో మిగిలినదంతా దీని నుంచే వస్తుంది.

1948లో విడుదలైన ఫోర్ట్ అపాచీ చిత్రీకరణలో హెన్రీ ఫోండాకు డూపుగా ఉన్నప్పుడు, ముగ్గురు మనుషులున్న బండిని లాగుతున్న గుర్రాలు బెదిరి పరుగెత్తాయి. జాన్సన్ తన గుర్రాన్ని దౌడు తీయించి వాటిని అడ్డుకుని నిలబెట్టాడు. దర్శకుడు జాన్ ఫోర్డ్ దీనికి తగిన ప్రతిఫలం ఉంటుందని మాట ఇచ్చి, కొంతకాలానికి ఏడేళ్ల నటన ఒప్పందం చేతికిచ్చాడు. ఆ కాగితంలో ఐదో వరుసలో వారానికి 5,000 డాలర్లు అన్న అంకె కనపడగానే మిగతాది చదవకుండా సంతకం పెట్టానని జాన్సన్ స్వయంగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు మొదటి అభ్యాసానికి వద్దాం. 1949 నాటి షీ వోర్ ఎ ఎల్లో రిబ్బన్ చిత్రాన్ని తీసుకోండి. అందులో జాన్సన్ వేసినది సార్జెంట్ టైరీ పాత్ర. అమెరికా అంతర్యుద్ధంలో ఓడిపోయిన దక్షిణాది సైన్యంలో ఒకప్పుడు కెప్టెన్‌గా ఉండి, ఇప్పుడు గెలిచినవారి అశ్వికదళంలో సార్జెంటుగా కొలువు చేస్తున్నవాడు. ముందుగా ధ్వని పూర్తిగా తీసేసి, టైరీ ఒంటరిగా గుర్రం మీద వెళ్లే భాగాలను మాత్రమే చూడండి. మాన్యుమెంట్ వ్యాలీ అనే లోయలోని ఎర్రమట్టి నేల మీద గుర్రం పూర్తి వేగంతో పోతున్నప్పుడు అతని నడుము కింది భాగం గుర్రంతో కదులుతుంది, భుజాలు మాత్రం దాదాపు కదలవు. పగ్గాలు పట్టిన చేయి కిందనే ఉంటుంది. చూపు గుర్రం మీద కాక దారి మీద ఉంటుంది. అదే సినిమాలో మరే నటుడైనా స్వారీ చేస్తున్న షాట్ పక్కన దీన్ని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది: చాలామంది స్వారీ చేస్తున్నామన్న సంగతిని మనకు తెలియజేస్తారు, ఇతను మాత్రం ఎక్కడికో వెళ్తున్నట్టు కనిపిస్తాడు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం గమనించాలి. నటుడికి స్వారీ రానప్పుడు దర్శకుడు దూరం నుంచి డూపును చూపించి, కత్తిరించి, దగ్గర నుంచి నటుడి ముఖాన్ని చూపించాలి. ఆ కత్తిరింపు ఎంత నేర్పుగా చేసినా ప్రేక్షకుడి మనసు ఎక్కడో దాన్ని పసిగడుతుంది. జాన్సన్ విషయంలో ఆ అవసరం లేదు; గుర్రం గండి దూకే సాహసమూ, ఆ సాహసం చేసిన మనిషి ముఖమూ ఒకే ప్రవాహంలో తెర మీదికి వస్తాయి. దాంతో అతని మీద మనకు ఏర్పడే నమ్మకం చాలా బలమైనది. అతను తర్వాత గుర్రం దిగి వచ్చి శత్రువులు ఫలానా వైపు ఉన్నారని చెబితే, కథలోని కెప్టెన్‌తో పాటు మనమూ నమ్ముతాం. సహాయ నటుడు చిత్రానికి చేసే మొదటి మేలు ఇదేనని నా అభిప్రాయం. కథలోని ప్రపంచం నిజమని చెప్పడానికి అతని శరీరమే సాక్ష్యం.

ఇప్పుడు ధ్వనితో చూడండి. బాణాన్ని పరిశీలించి అది ఏ తెగదో చెప్పిన తర్వాత కెప్టెన్ ఇంకా ఏదైనా అభిప్రాయం అడిగితే, అది తన శాఖ కాదని టైరీ తప్పుకుంటాడు. ఈ మాట చిత్రంలో మళ్లీ మళ్లీ వస్తుంది. పైకి ఇది హాస్యపు పల్లవిలా వినిపించినా, ఒకప్పుడు ఆజ్ఞలిచ్చిన మనిషి ఇప్పుడు తన హద్దును తానే గీసుకోవడం అందులో ఉంది. జాన్సన్ దాన్ని బరువుగా పలకడు, బాధను కలపడు. ఓక్లహోమా యాసలో, తీరిగ్గా, దాదాపు ఒకే స్థాయిలో చెప్పి ఊరుకుంటాడు. కెప్టెన్‌గా నటించిన జాన్ వేన్ చేయాల్సిన పని అప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే ఆ మౌనానికి స్పందించాల్సింది కెప్టెనే. మాట ముగిసిన తర్వాత టైరీ ముఖాన్ని చూస్తూనే ఉండండి. షాట్ మారేంతవరకు చూపు తిప్పకండి.

నాకు ఈ చిత్రంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం వయసు మళ్లిన ఒక సాధారణ సైనికుడి మరణం. అతను మారుపేరుతో చేరిన దక్షిణాది జనరల్. చివరి క్షణాలలో టైరీని కెప్టెన్ అని పిలిచి, కుర్రవాళ్లు బాగా పోరాడారని మెచ్చుకుంటాడు; టైరీ ఆ సైనికుణ్ణి సర్ అని సంబోధించి కృతజ్ఞత చెబుతాడు. హోదాలన్నీ తలకిందులైన ఆ నాలుగు మాటల్లో జాన్సన్ గొంతు ఏమాత్రం పెంచడు. అంతకుముందు గంటసేపు ఆ మనిషి తన అభిప్రాయాలను తనలోనే ఉంచుకోవడం మనం చూసి ఉండకపోతే ఆ ఒక్క సర్ అన్న మాటకు అంత బలం వచ్చేది కాదు.

1950లో వచ్చిన వ్యాగన్ మాస్టర్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. అందులో జాన్సన్‌దే ప్రధాన పాత్ర, అయినా అతను సహాయ నటుడిలాగే ప్రవర్తిస్తాడు. తోటివారి మాటలు వింటాడు, ఫ్రేములో వారికి చోటిస్తాడు. అదే ఏడాది వచ్చిన రియో గ్రాండేలో రెండు గుర్రాల వీపుల మీద చెరొక కాలు వేసి నిలబడి చేసిన స్వారీని అతనూ తోటి నటుడు హ్యారీ కేరీ జూనియరూ నేర్చుకుని స్వయంగా చేశారు. ఆ చిత్రీకరణ సమయంలోనే ఫోర్డ్‌తో మాట పట్టింపు వచ్చింది. 1964 నాటి షయాన్ ఆటమ్ వరకు ఫోర్డ్ చిత్రాలలో జాన్సన్ మళ్లీ కనిపించలేదు. పెద్ద దర్శకుడి నీడ పోవడం ఆనాటి సహాయ నటుడికి చిన్న దెబ్బ కాదు.

రెండవ అభ్యాసం 1953లో విడుదలైన షేన్. ఇక్కడ జాన్సన్ మంచివాడు కాడు. భూస్వామి రైకర్ దగ్గర పనిచేసే క్రిస్ కాలోవే. చిన్నపిల్లవాడి కోసం సోడా కొనడానికి వచ్చిన షేన్‌ను గేలి చేసి, అతని చొక్కా మీద విస్కీ చల్లుతాడు. తర్వాత షేన్ తిరిగి వచ్చినప్పుడు దెబ్బలు తింటాడు. చివర్లో ఒక రాత్రి వచ్చి, స్టారెట్ అనే రైతుకు పన్నిన వల గురించి షేన్‌ను హెచ్చరించి, రైకర్ కొలువు వదిలి వెళ్లిపోతున్నానని చెబుతాడు. ఈ మార్పు ఎందుకు వచ్చిందో సంభాషణలో పెద్దగా వివరణ లేదు. మీ పని ఏమిటంటే, దెబ్బలాటకూ హెచ్చరికకూ మధ్య కాలోవే కనిపించే ప్రతి షాట్‌ను, అతను గుంపులో ఒకడుగా ఉన్నా సరే, వరుసగా రాసుకోవడం. అతను ఎవరి వైపు చూస్తున్నాడు, ఎవరికి ఎంత దూరంలో నిలబడ్డాడు, చేతులు ఎక్కడున్నాయి అన్నవి మాత్రమే రాయండి. అతని మనసులో ఏముందో ఊహించి రాయకండి. జాబితా పూర్తయ్యాక మొదటి సన్నివేశాన్ని మళ్లీ చూడండి. గేలి చేస్తున్నప్పుడు అతను తన కోసం నవ్వుతున్నాడా, వెనుక కూర్చున్న తోటివారి కోసం నవ్వుతున్నాడా అన్న ప్రశ్న వేసుకోండి. జవాబు రెండోదైతే, చివరి మార్పుకు విత్తనం మొదటి సన్నివేశంలోనే పడిందని చెప్పవచ్చు.

అదే 1953లో జాన్సన్ సినిమాలను పక్కనపెట్టి రోడియోలో దిగి, ఇద్దరు రౌతులు కలిసి ఒక కోడెను తాళ్లతో బంధించే టీమ్ రోపింగ్ పోటీలో ప్రపంచ విజేతగా నిలిచాడు. ఏడాది ముగిసేసరికి చేతిలో డబ్బు మిగలలేదు. తిరిగి సినిమాలకు వచ్చేసరికి వెస్టర్న్‌లు టెలివిజన్‌కు తరలిపోతున్నాయి. అతనూ ఆ ధారావాహికలలో అతిథి పాత్రలు వేశాడు. 1960లలో దర్శకుడు సామ్ పెకిన్‌పా అతణ్ణి పిలిచాడు. 1969 నాటి ది వైల్డ్ బంచ్‌లో వారెన్ ఓట్స్‌తో కలిసి దొంగల ముఠాలోని అన్నదమ్ములుగా నటించాడు. సార్జెంట్ టైరీలో చూసిన నిబ్బరమే ఇక్కడ మొరటుతనంగా మారడం, ఒకే శరీరం పూర్తిగా వేరే మనిషిని చూపించడం గమనించదగినవి.

మూడవ అభ్యాసానికి 1971 నాటి ది లాస్ట్ పిక్చర్ షో. దర్శకుడు పీటర్ బొగ్డానొవిచ్. సంభాషణలు ఎక్కువ, బూతులు ఎక్కువ అని జాన్సన్ ఈ పాత్రను మొదట కాదన్నాడు. బొగ్డానొవిచ్ కోరిక మీద జాన్ ఫోర్డే ఫోన్ చేసి ఒప్పించాడు. టెక్సస్‌లోని ఒక వాడిపోతున్న ఊరిలో కాఫీ హోటలు, పూల్ హాలు, సినిమా థియేటరు నడిపే శామ్‌గా అతను తెర మీద కనిపించేది సుమారు పది నిమిషాలే. 1972లో ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు.

నీటిచెరువు దగ్గర శామ్ తన యౌవనంలోని ఒక ప్రేమను గుర్తు చేసుకునే సన్నివేశాన్ని కనీసం రెండు విడతలుగా చూడండి. మొదటిసారి మాటలు వినకుండా చూడండి: కూర్చున్న ఆ పెద్దమనిషి భుజాలలో ఇరవై రెండేళ్ల కిందటి సార్జెంట్ టైరీ నిశ్చలత్వం ఇంకా ఉంది, గుర్రం మాత్రం లేదు. రెండోసారి ధ్వనితో చూస్తూ, ఈసారి మీ చూపును శామ్ మీద నుంచి తప్పించి వింటున్న కుర్రవాడు సన్నీ మీద పెట్టండి. ఇన్నేళ్లుగా ఇతరులు మాట్లాడుతుండగా విన్న నటుడు ఇక్కడ మాట్లాడుతున్నాడు, ఒక కుర్ర నటుడు వింటున్నాడు. పాఠం మొదట్లో చెప్పిన విద్యను ఇక్కడే పరీక్షించుకోవాలి, ఎందుకంటే జాన్సన్ మీద నుంచి కన్ను తిప్పడం ఈ సన్నివేశంలో నిజంగా కష్టం.

శామ్ మరణం తెర మీద కనిపించదు. కుర్రవాళ్లు మెక్సికో వెళ్లి వచ్చేసరికి అతను లేడన్న వార్త మాత్రమే వింటారు. ఆ తర్వాతి భాగంలో పూల్ హాలు, థియేటరు కనిపించే షాట్లను గుర్తించి, అక్కడ శామ్ ఉండి ఉంటే ఎక్కడ నిలబడేవాడో ఒక్కొక్క వాక్యం రాయండి. ఈ రాత మీ దగ్గరే ఉంచుకోండి, వచ్చే పాఠంలో అవసరమవుతుంది.

ఆ ఊరి థియేటరు మూతపడే రాత్రి ఆడే సినిమా 1948 నాటి రెడ్ రివర్. వచ్చే పాఠానికి అదే పాఠ్యం. ఉత్తమ సహాయ నటుడిగా మూడుసార్లు ఆస్కార్ గెలిచిన వాల్టర్ బ్రెన్నన్ అందులో బండివాడు గ్రూట్‌గా నటించాడు. పేకాటలో తన కట్టుడు పళ్లను తోటి పనివాడికి ఓడిపోయి, భోజనం వేళకు మాత్రమే తిరిగి తీసుకునే ఆ పాత్రను చూసేటప్పుడు, పళ్లు ఉన్నప్పుడూ లేనప్పుడూ అతని గొంతు ఎలా మారుతుందో విని రాసుకుని రండి.